పదకొండోది

గౌలిగూడ ఇల్లు పంపకాలకొచ్చినప్పుడు
జాబితా రాసే పని నా మీద పడింది.
దస్తూరీ బాగుంటుందని కాదు,
ఇద్దరు వదినలతోనూ ఇంకా మాటలున్నది
నాకొక్కదానికే అని.

టేకు తలుపులు, రెండు జతలు.
ఇత్తడి గంగాళం, అడుగున మాటు.
షాబాద్ బండలు తీస్తే పగులుతాయి, రాయలేదు.
నలభై ఏడో వరుస:
అటక మీది బిస్కెట్ల డబ్బా.

తుప్పు పట్టిన మూతను చిన్నన్న చెంచాతో లేపుతుంటే
"మెల్లగా, బంగారమేమో" అన్నాడు పెద్దన్న.

రంగు మాత్రం బంగారానిదే.
రేకు పట్టీల్లో ఐదేసి చొప్పున
పళ్లలా బిగిసి కూర్చున్నవి పది.
విడిగా, ఎర్రగుడ్డలో,
ఆరిన బొడ్డుతాడును దాచినట్టు చుట్టి
ఒకటి.

మా తాత గుండేరావు
కరోడ్‌గిరి నాకాలో గుమాస్తా.
ఆయన చేతిలో పేలినవి
ఉల్లిపాయలూ, అప్పుడప్పుడూ కోపమూ.
ఎలుకల బోను కూడా నానమ్మే పెట్టేది.

బార్కస్‌లో సాలెహ్ బావజీర్ సాబ్
నలభై ఏళ్లు తుపాకులు బాగుచేసి
ఇప్పుడు జామచెట్లు చూసుకుంటున్నాడు.
చేతులు కడుక్కుని, తుడుచుకుని,
కళ్లద్దాలు పెట్టుకుని,
తూటాను తలకిందులు చేశాడు.
"దీని జాతకం పిర్ర మీద రాసి ఉంటది, బేటీ."

కె, ఎఫ్. అంటే కిర్కీ కార్ఖానా.
నడుమ బాణం, సర్కారు సొత్తు.
నలభై మూడు, పుట్టిన ఏడు.
ఏడు పక్కన ఇంకో ఏడు, అది రకం.
మా నాన్న కంటే ఆరేళ్లు పెద్దది
నా అరచేతిలో చల్లగా పడుకుంది.

"ధర?" అన్నాడు పెద్దన్న.
"కాగితం లేనోనికి జైలు.
కాగితమున్నోనికి పనికిరాదు.
కరిగిస్తే ఇత్తడే,
కానీ కరిగించినోడు
పైసలు లెక్కబెట్టుకోడానికి ఉండడు."
ఒక జామపండు కోసి, ఉప్పు అద్ది నాకిచ్చాడు.

తర్వాత ఎర్రగుడ్డ విప్పాడు.
విప్పి చాలాసేపు మాట్లాడలేదు.
అడుగున, నడిమధ్యన,
పప్పుగింజంత గుంట.

"ఇది కొట్టింది. పేలలేదు.
ఘోడా దబాయించినోడు దబాయించిండు,
సూది పడ్డది,
లోపల మందు మాట వినలేదు.
గిట్ల అయితే బోల్టు గుంజి కింద పడేసి
ఇంకోటి ఎక్కిస్తరు. దమ్ తీసేంత సేపు పట్టదు."

"మరి కింద పడ్డదాన్ని ఎవరు ఏరుకుంటారు?"
"కాల్చేటోడు ఏరడు, బేటీ."

నానమ్మ చెప్పే సంగతి ఒకటి ఉంది.
గడబిడ రోజుల్లో ఒక రాత్రి
తాత చెప్పుల్లేకుండా ఇల్లు చేరాడట.
చెప్పులు కొత్తవని ఆమె బాధ.
ఎన్నిసార్లు చెప్పినా కథ అక్కడే ఆగేది,
మూడు రూపాయల చెప్పుల దగ్గర.
మేం నవ్వేవాళ్లం.

ఆ మరుసటి ఏడు శ్రావణంలో నాన్న పుట్టాడు.

రెండోది ఎందుకు ఎక్కించలేదో,
మిగిలిన పదీ
భయపడ్డవాడి చేతిలోకి ఎట్లా వచ్చాయో,
ఎవరు ఎవరికి ఇచ్చారో, ఎవరు విసిరేసి పోయారో
కిర్కీ వాళ్లు అడుగున రాయలేదు.

అప్పగించడానికి ఆటోలో బయల్దేరాం.
చాంద్రాయణగుట్ట నుంచి అఫ్జల్‌గంజ్ దాకా
స్పీడ్ బ్రేకర్లు ఇన్నున్నాయని
అంతకుముందు తెలీదు.
డబ్బా నా ఒళ్లో.
"అత్తా, దాన్ని ఇప్పుడు కొడితే పేలుతుందా?"
చిన్నన్న కూతురు ఈషిత అడుగుతూనే ఉంది.
సాలెహ్ సాబ్‌ను నేనూ అదే అడిగాను.
ఆయన తన జామచెట్ల వైపు చూశాడు.

స్టేషన్లో కుర్ర కానిస్టేబుల్
పెన్ను మొనతో లెక్కపెట్టి పంచనామా రాశాడు.
పాత తూటాలు, పదకొండు.
విలువ దగ్గర గీత.
నా జాబితాలో నలభై ఏడో వరుసా
అట్లాగే ఖాళీగా ఉంది,
పెద్దన్న కొట్టేయమన్నా కొట్టేయలేదు.

"ఇదేంది, దీనికి గుంట?" అంటూ
అతను పదకొండోదాన్ని తీసి
టేబుల్ మీద
ఊరికే అట్లా టక్కుమనిపించాడు.

పెద్దన్న, చిన్నన్న, ఈషిత, నేను
ఒక్కసారే
ఒక అడుగు వెనక్కి వేశాం.